ఒకే మగ్గం, రెండు అట్టల దండలు

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులలో మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట వినబడడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. ఆ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమానికి కూడ చోటు దక్కిందంటే వారి సంఖ్యాబలం ఎంతటిదో ఊహించవచ్చు. నేటి నేత పరిశ్రమలో మగ్గం వెనుక మరొక యంత్రం వచ్చి కూర్చుంది. చీర అంచుమీది నెమలిని కంప్యూటరు తెరపై గీసి, పెన్ డ్రైవులోకి ఎక్కించి, ఎలక్ట్రానిక్ జకార్డుకు అందిస్తున్నారు. నెమలి మగ్గం మీద పుట్టడానికి ముందు హార్డ్ డిస్కులో పుడుతున్నదన్నమాట.

ఇటువంటి డిజైను గదులలోని పాత కంప్యూటర్లకు ఇటీవల ఒక చిక్కు వచ్చిపడింది. పొడిగింపు పథకాలను మినహాయిస్తే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మద్దతు ముగిసింది. మద్దతు ముగిసినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే భద్రతాలోపాలను పూడ్చేవారు ఉండరు. విండోస్ 11కు మారుదామంటే, 2017కు పూర్వపు ప్రాసెసర్లున్న యంత్రాలలో అత్యధిక భాగం దాని షరతులకు తూగవు. కొత్త యంత్రం కొనడానికి చేతిలో డబ్బున్నా మరొక బెడద తప్పదు. డిజైను సాఫ్ట్‌వేరుతో ‘డాంగిల్’ అనే చిన్న తాళంచెవి వస్తుంది. అది తగిలించి ఉంటేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. పదేళ్ళ నాటి తాళంచెవిని కొత్త విండోస్ గుర్తుపడుతుందన్న హామీ లేదు. ఇక లినక్సు గుర్తుపడుతుందని ఆశించడం అత్యాశే.

కనుక అటువంటి ఇంట పాతదాన్ని వదలడానికి వీలులేదు. పాతదానితోనే ఇంటర్నెట్టులోకి వెళ్ళడం క్షేమం కాదు. జి.ఎస్.టి. లెక్కలు, బ్యాంకు పనులు, ఈ-మెయిలు ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లోను, డిజైను పని మరొకదానిలోను జరుపుకొంటే చిక్కు విడిపోతుంది. (ఆపరేటింగ్ సిస్టమ్‌ను ‘నిర్వహణ వ్యవస్థ’ అని తెలిగించినవారు లేకపోలేదు. పాపం, ఆ మాట పుస్తకం దాటి బజారుకు రాలేదు.)

ఒకే యంత్రంలో రెండు వ్యవస్థలేమిటని చదువుకున్నవారు తికమకపడవచ్చునేమోగాని, నేతగానికి ఇది కొరుకుడు పడని విషయం కాదు. 1804లో ఫ్రాన్సు దేశపు జోసెఫ్ మరీ జకార్డ్ రూపొందించిన మగ్గంలో చిల్లుల అట్టలు ఒక దండగా తిరుగుతాయి. అట్టలో చిల్లున్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కదలదు. మగ్గం అదే, నూలు అదే. దండ మారిస్తే పువ్వు మారుతుంది. బైరన్ మహాకవి కుమార్తె ఏడా లవ్‌లేస్ 1843లో చార్లెస్ బాబేజ్ గణన యంత్రాన్ని వివరిస్తూ ఈ మగ్గాన్నే పోలికగా తెచ్చింది. తండ్రి ఛందస్సు కూతురి గణితంలోకి దిగిందనుకోవాలి. కంప్యూటరు ఈ విధంగా నేతింటికి దూరపు చుట్టమే. డబ్బా మగ్గమైతే, ఆపరేటింగ్ సిస్టమ్ అట్టల దండ.

రెండవ దండగా లినక్సును ఎన్నుకునేవారు ఎక్కువ. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థకు ధర చెల్లించనక్కరలేదు. పాత యంత్రాల మీద దీనికి చిన్నచూపు లేదు. దీనిని తెలుగులోకి తేవడానికి హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు శ్రమించారు.

ఉన్న డిస్కునే రెండు వాటాలు చేసి, ఒకదానిలో లినక్సును దింపే పద్ధతి చాలాకాలంగా ఉంది. అది ఒకే ఇంటికి అడ్డుగోడ కట్టి అన్నదమ్ములను ఉంచడం వంటిది. గోడ కట్టేటప్పుడు గునపం ఎక్కడ తగులుతుందో చెప్పలేము. పదేళ్ళ నమూనాలున్న డిస్కుమీద ఆ సాహసం చేయడం కంటె, వేరొక డిస్కు కొని వేరుకాపురం పెట్టించడం మేలు. డెస్క్‌టాప్ డబ్బాలో సాధారణంగా రెండవ డిస్కుకు చోటుంటుంది. లాప్‌టాప్‌లో చోటు లేకపోతే బయటనుండి యు.ఎస్.బి. ద్వారా తగిలించే డిస్కుతో సరిపెట్టుకోవచ్చు.

పనికి పూనుకునేముందు నమూనాలన్నిటికీ నకలు తీయాలి. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరత్‌ను ముంచెత్తిన సంగతి అక్కడివారు మరువలేరు. నకలును అదే బల్లమీద ఉంచడం నకలు తీయకపోవడంతో సమానమని వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మేడమీదికో, బంధువుల ఇంటికో చేర్చాలి. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్నదేమో చూసుకుని, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంమీద వ్రాసుకోవాలి. బూటింగ్ అమరికలు మారినప్పుడు యంత్రం దానిని అడిగే ప్రమాదం ఉంది. ఆ అంకెలు లేనివానికి తన డిస్కే పరాయిదవుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైన మెలకువ అతి సులభమైనది కావడం విచిత్రం. కరెంటు పూర్తిగా తీసివేసి, డబ్బా తెరచి, పాత డిస్కుకు వెళ్ళే తీగలను ఊడదీయాలి. మదర్‌బోర్డుకే అతికి ఉండే ఎన్.వి.ఎం.ఇ. రకం డిస్కైతే దాని చిన్న మరను విప్పి బయటికి తీయాలి. తెరమీద డిస్కు పేరు చూసి ఎంచుకుంటే చాలదా అని ఎవరికైనా తోచవచ్చు. చాలదు. ఉబుంటు పాత ఇన్‌స్టాలరులో ప్రసిద్ధమైన లోపం ఒకటి ఉండేది. లినక్సును రెండవ డిస్కులో పెట్టమని చెప్పినా, యంత్రాన్ని మేల్కొలిపే బూట్ లోడరును మాత్రం అది మొదటి డిస్కులోని ఇ.ఎఫ్.ఐ. విభాగంలోనే ఉంచేది. పైకి వేరుకాపురం, లోపల ఉమ్మడి వాకిలి! కొన్నాళ్ళకు పాత డిస్కు చెడిపోతే, బాగున్న లినక్సు కూడ లేవదు. కొత్త డిస్కును తీసివేస్తే, విండోస్ రావలసినచోట నల్లని తెరపై ‘గ్రబ్’ అనే అక్షరాలు మాత్రం మిగలవచ్చు. యంత్రానికి ఒక్క డిస్కే కనబడేటట్లు చేస్తే పొరబడే అవకాశమే ఉండదు. ఎన్ని నైపుణ్యాలున్నా ఊడదీసిన తీగను మించిన జాగ్రత్త లేదు.

ఆ తరువాతి కథ చిన్నది. లినక్సును పెన్ డ్రైవులోకి ఎక్కించి, దానితో యంత్రాన్ని లేపి, కొత్త డిస్కు మొత్తాన్ని వాడుకొమ్మని చెబితే సాధారణంగా గంటలోపే పని ముగుస్తుంది. పాత డిస్కును తిరిగి తగిలించిన పిమ్మట, యంత్రం వెలిగే క్షణంలో ఎఫ్12 గాని, తయారీదారును బట్టి ఎఫ్8, ఎఫ్11, ఎస్కేప్ మీటలలో ఒకటిగాని నొక్కితే ఏ డిస్కు కావాలో అడుగుతుంది. విండోస్‌ను లేపినపుడు ఇంటర్నెట్టు తీగను తీసివేసి ఉంచుకోవాలి.

రెండు కాపురాలు వేరైనా గోడ గడియారం ఒకటే కావడం వలన ఒక తగవు మిగులుతుంది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక కాలంగా భావిస్తుంది. లినక్సు అంతర్జాతీయ ప్రమాణ కాలంగా భావిస్తుంది. మన దేశంలో ఈ రెంటికీ తేడా 5 గంటల 30 నిమిషాలు. లినక్సు నుండి విండోస్‌కు మారినపుడు కాలం అంతమేర వెనుకబడుతుంది. రాత్రి పాళీలో మూడు గంటలకు తయారైన పత్రంమీద నిన్నటి రాత్రి తొమ్మిదిన్నర పడితే, వ్యాపారికి అది నవ్వులాట కాదు. గడియారాన్ని స్థానిక కాలంగానే చదవమని లినక్సుకు ఒక్క ఆదేశమిస్తే సరిపోతుంది. అట్లే, విండోస్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ను ఆపివేయాలి. అది పనిచేస్తున్నంతకాలం విండోస్ మూసినట్లు కనబడుతుందేగాని, సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో దాని డిస్కుమీద లినక్సు నుండి వ్రాతలు జరిగితే ఫైళ్ళు పాడయ్యే ప్రమాదముంది.

ఇక డబ్బా మూతకు మరలు బిగించేముందు చేయవలసిన పని ఒకటుంది. జకార్డు అట్టల దండలను విప్పి దాచేటప్పుడు కలిసిపోకుండ చీటీ కట్టడం నేతయింటి అలవాటు. రెండు డిస్కులమీదా అటువంటి చీటీలు అంటించి, ఒకదానిపై ‘డిజైను’ అని, మరొకదానిపై ‘లినక్సు’ అని, క్రింద తేదీ వేసి, తెలుగులోనో గుజరాతీలోనో స్పష్టంగా వ్రాయాలి. రేపు ఆ డబ్బాను తెరిచే మరమ్మతు మనిషి ఎవరో ఏమో!