అడగకుండా చేసే మేలు

నగరంలోని గిరిజనుడి మాటకు విలువెక్కడుంది? 1996 నాటి పెసా చట్టం ఐదో షెడ్యూలు గ్రామాలకే. తమిళనాడులో ఆ ప్రాంతాలే లేవు. చెన్నై చుట్టూ ఉన్న ఇరులర్లకు ఎప్పటినుంచో, నరికురవలకు 2023లో ఎస్టీ హోదా వచ్చింది. తమ నివాసం గురించి తామే నిర్ణయించుకునే అధికారం మాత్రం రాలేదు. పేదలను కణ్ణగి నగర్‌కూ పెరుంబాక్కానికీ తరలించిన నగరమిది! సమ్మతి లేకుండా ఆదివాసులను తరలించరాదన్న 2007 ఐక్యరాజ్యసమితి ప్రకటనకు మన దేశమూ ఓటేసింది.

మరి మన సంఘాలో? సర్వే చేస్తాం, బియ్యం పంచుతాం, ఫోటో దిగుతాం. బర్తిమయి గుడ్డివాడని కనబడుతున్నా, ఏం కావాలో అడిగాకే యేసు బాగుచేశాడు. మనమూ ముందు అడుగుదాం. వార్డు కమిటీల్లో వారికి చోటివ్వాలని వారితో కలిసి పోరాడదాం.