పని కనబడని శ్రామికుడి బొమ్మ

పల్లె శ్రామికుడి పెన్సిల్ చిత్రం అనగానే మన ప్రదర్శనల్లో ఒకే ముఖం ఎదురవుతుంది. తలపాగా, నెరిసిన గడ్డం, నుదుటి నిండా ముడతలు, ఎటో చూస్తున్న కళ్ళు. ఫొటో ముందు పెట్టుకుని వెంట్రుకతో సహా దింపిన ఆ బొమ్మకే బహుమతి. "అచ్చం ఫొటోలా ఉంది" అన్నదే పెద్ద మెప్పు. కష్టజీవికి ఇదే అసలైన గౌరవమని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం తప్పు.

ఆ బొమ్మలో ఆయన చేతులుండవు. ఆయన పార పట్టేవాడో, మగ్గం నేసేవాడో తెలియదు. మన జాలికి పనికొచ్చేంత ముఖాన్ని మాత్రం ఉంచుకుని, ఆయన నేర్పునంతా చెరిపేశాం.

వరినాట్లు వేసే ఆడకూలీని చూడండి. ఎడమచేతిలో నారు కట్ట. కుడిచేతి వేళ్ళు నాలుగు మొక్కలు విడదీసి బురదలోకి దించుతాయి, అడుగు వెనక్కి పడుతుంది. వంగిన నడుము వంగినట్టే ఉంటుంది. గుంటమగ్గం దగ్గర నేతగాడి కాళ్ళు గుంటలో తొక్కుతుంటే చేతులు నాడె ఆడిస్తాయి. ఈ కదలికను పట్టడానికి పెన్సిల్‌ను మించిన సాధనం లేదు. అయితే గట్టు మీద కూర్చుని గీయాలి.

పోలిక కుదరకపోతే అది ఆ మనిషి బొమ్మ ఎలా అవుతుందని అడుగుతారు. పోలిక ముక్కూ మూతిలోనే ఉందా? ఊళ్ళో వాళ్ళు దూరాన పార వేసే తీరు చూసే ఫలానావాడని పోల్చుకుంటారు. నెదర్లాండ్స్‌లోని నూనెన్ పల్లెలో రైతుల్ని గీసిన చిత్రకారుడు వాన్ గో, నేల తవ్వేవాణ్ణి ఫొటో తీస్తే అందులో వాడు తవ్వుతూ ఉండడని 1885లో తమ్ముడికి రాశాడు. తన బొమ్మలు కొలతలకు సరిపోవాలని ఆయన కోరుకోలేదు. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ ఊళ్ళు తిరిగి, ఆకలితో ఉన్నవారిని వారి పేర్లతో, వివరాలతో నమోదు చేశాడు. ఆ బొమ్మల పుస్తకం 'హంగ్రీ బెంగాల్' ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది. ముడతల నైపుణ్యాన్ని చూసి ఏ ప్రభుత్వమూ అంత భయపడదు.

డ్రాయింగ్ మాస్టార్లారా, నాట్ల కాలంలో పిల్లల్ని పొలానికి తీసుకెళ్ళండి. గీసే ముందు ఆ మనిషి పేరూ పనీ అడగడం నేర్పండి. పోటీల న్యాయనిర్ణేతలారా, ముడతలు లెక్కపెట్టడం మానండి. ఈ మనిషి ఏం చేస్తోందో బొమ్మ చెబుతోందా అని చూడండి. చెప్పకపోతే బహుమతి ఇవ్వకండి.