చలి అందరికీ ఒకటి కాదు
చలికి కులం లేదు, అందరికీ సమానమే అంటారు. పచ్చి అబద్ధం. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. 35 కిందికి దిగిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. ఆ వేడి నిలబెట్టుకోడానికే ఒళ్లు వణుకుతుంది, వేళ్లకు నెత్తురు తగ్గుతుంది. వణకడానికీ ఒంట్లో తిండి ఉండాలి. అర్ధాకలితో తడిక గోడల మధ్య పడుకునే మన ముసలోళ్లకు, పసిపిల్లలకు ఆ బలం ఎక్కడిది?

సారా తాగితే చలి పోతుందంటారు. పోదు. చర్మం వెచ్చబడుతుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

ఆదిలాబాద్‌లో పుష్యమాసం రాత్రులు 10 డిగ్రీల లోపుకు పడిపోతాయి. హాస్టల్ పిల్లలు బండల మీద ఎట్లా పడుకోవాలి? దుప్పట్లు పంచి ఫోటోలు దిగేవాళ్ల దయ మాకక్కర్లేదు. కార్తీకం దాటకముందే ప్రతి పిల్లకూ దుప్పటి, ప్రతి గుడిసెకూ గట్టి గోడ రావాలి. అది మన హక్కు. అందరం కలిసి అడుగుదాం రండి!