‘డీఓనే ఎందుకు?’ కాలేజీలూ జవాబు చెప్పాలి

2020 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కొవిడ్‌తో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చేరారు. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో విలేకరులకు చెప్పే బాధ్యత వైట్‌హౌస్ వైద్యుడు షాన్ కాన్లీది. ఆయన పేరు చివర ఎండీ అని కాకుండా డీఓ అని ఉండటం చూసి, ‘ఈయన అసలు డాక్టరేనా?’ అని సామాజిక మాధ్యమాల్లో ఎందరో అనుమానపడ్డారు. తర్వాత వచ్చిన జో బైడెన్‌కు వైద్యుడిగా ఉన్న కెవిన్ ఓకానర్‌దీ అదే పట్టా. దేశాధినేత ఆరోగ్యాన్నే వారికి అప్పగించిన దేశంలో ఆ రెండక్షరాల మీద సందేహం ఇంకా పోలేదు. డీఓ పట్టా ఇచ్చే ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలకు దరఖాస్తు చేసే పిల్లలు ఏటా ఆ సందేహాన్ని మోసుకుంటూనే ఇంటర్వ్యూకు కూర్చుంటున్నారు.

అమెరికాలో డాక్టరు కావడానికి రెండు దారులున్నాయి. నాలుగేళ్ల డిగ్రీ పూర్తయ్యాక మరో నాలుగేళ్లు చదివి ఎండీ కావచ్చు, లేదా డీఓ కావచ్చు. అక్కడి ఎండీ మన పీజీ ఎండీ కాదు, మన ఎంబీబీఎస్‌లా తొలి వైద్య పట్టా. మందులు రాయడం, శస్త్రచికిత్స చేయడం, ఏ స్పెషాలిటీలోనైనా చేరడం యాభై రాష్ట్రాల్లోనూ ఇద్దరికీ సమాన హక్కులే. డీఓ విద్యార్థులు కండరాలను, కీళ్లను చేతులతో పరీక్షించి సరిచేసే విద్యను అదనంగా దాదాపు 200 గంటలు నేర్చుకుంటారు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అంటే ఈ చేతి చికిత్స చేసే నిపుణుడే తప్ప వైద్యుడు కాదు. మన ఊళ్లో బోర్డు మీద డీఓ అని ఉంటే కంటి వైద్యంలో డిప్లొమా. కాబట్టి ఇక్కడి బంధువులు తికమకపడితే తప్పు పట్టలేం. అయితే ఇప్పుడు అమెరికాలో వైద్యవిద్య చదువుతున్నవారిలో నాలుగో వంతుకు పైగా డీఓ కాలేజీల్లోనే ఉన్నారు.

ఈ సమానత్వం దానంతట అది రాలేదు. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1864లో మెనింజైటిస్‌కు ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్నారు. ఆ కాలపు మందులు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నాయని నమ్మి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో తొలి ఆస్టియోపతిక్ కాలేజీ పెట్టారు. మొదటి తరగతిలోనే మహిళలకు చోటిచ్చారు. ఆయన సిద్ధాంతాల్లో చాలా భాగం తర్వాతి విజ్ఞానం ముందు నిలవలేదు. కాలేజీలు కూడా మారి ఆధునిక వైద్యాన్ని పూర్తిగా పాఠ్యాంశాల్లోకి తెచ్చుకున్నాయి. వివక్ష మాత్రం చాలాకాలం సాగింది. 1962లో కాలిఫోర్నియాలో డీఓలు 65 డాలర్లు కట్టి తమ పట్టాను ఎండీగా మార్చుకునే ఏర్పాటు జరిగింది. ఆ రాష్ట్రంలో కొత్త డీఓలకు లైసెన్సులు ఆగిపోయాయి. 1974లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో గానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. సైన్యం డీఓలను వైద్యాధికారులుగా తీసుకోవడానికి 1966 దాకా పట్టింది. మిసిసిపీ పూర్తి హక్కులు ఇచ్చింది 1973లో. ఎండీలకు, డీఓలకు వేర్వేరుగా నడిచిన రెసిడెన్సీ (పట్టా తర్వాత ఆసుపత్రిలో ఇచ్చే) శిక్షణలు ఒకే గొడుగు కిందికి వచ్చింది 2020లో.

ఈ చరిత్ర తెలియకపోతే నష్టపోయేది పిల్లలే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, డీఓ సీటు చేతికొచ్చినా వదిలేసి కరీబియన్ దీవుల్లోని కాలేజీకి పంపాలన్న ఆలోచన వస్తుంటుంది. పేరు పక్కన ఎండీ ఉండాలన్నది ఒక్కటే కారణం. 2024 రెసిడెన్సీ మ్యాచ్ ఫలితాలు చూస్తే ఆ ఆలోచన ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. అమెరికాలో చదివిన ఎండీ విద్యార్థుల్లో 93.5 శాతానికి, డీఓ విద్యార్థుల్లో 92.3 శాతానికి రెసిడెన్సీ దొరికింది. విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో 67 శాతానికే దొరికింది. లక్షల డాలర్ల అప్పుతో చదివాక ప్రతి ముగ్గురిలో ఒకరు ఆ ఏడాది శిక్షణ దొరక్క ఆగిపోయారన్నమాట. నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందని పిల్లల భవిష్యత్తును ఇంతటి ప్రమాదంలోకి నెట్టకూడదు.

అలాగని డీఓకు ఎండీకి ఏ తేడా లేదని చెబితే అది కూడా మోసమే అవుతుంది. న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, డెర్మటాలజీ వంటి పోటీ ఎక్కువున్న విభాగాల్లో డీఓలకు దారి ఇప్పటికీ ఇరుకే. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రుల రెసిడెన్సీ కావాలనుకునేవారు తమ సొంత లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్‌తో పాటు ఎండీల పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాస్తుంటారు. అంటే ఖర్చు రెండింతలు, శ్రమా రెండింతలే. న్యూరోసర్జన్ కావాలని చిన్నప్పటి నుంచి కలగన్న అమ్మాయికి ఈ సంగతి మొదటి ఏడాదే తెలియాలి.

దరఖాస్తులు ఆకోమాస్ అనే ఉమ్మడి పోర్టల్‌లో మే నెలలో మొదలవుతాయి. వచ్చినవి వచ్చినట్లు పరిశీలించి సీట్లు నింపుకుంటూ పోతారు కాబట్టి గడువు తేదీ దాకా ఆగినవారు వెనకబడతారు. చేరుతున్నవారి సగటు ప్రవేశ పరీక్ష (ఎంక్యాట్) స్కోరు డీఓ కాలేజీల్లో 504 దరిదాపుల్లో, ఎండీ కాలేజీల్లో 511కు పైన ఉంటోంది. తప్పిన కోర్సును మళ్లీ చదివితే పాత గ్రేడును లెక్కలోంచి తీసేసే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. 2017లో దాన్ని ఎత్తేశారు. సీనియర్లు ఇంకా ఆ పాత సలహానే ఇస్తుంటారు, జాగ్రత్తపడాలి. మన పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు మరొకటుంది. చాలా కాలేజీలు డీఓ వైద్యుడి సిఫారసు లేఖ అడుగుతాయి, లేదా ఉంటే మంచిదంటాయి. తెలుగు కుటుంబాలకు తెలిసిన డాక్టర్లలో ఎక్కువమంది ఇక్కడ ఎంబీబీఎస్ చదివి వెళ్లినవారు. బాబాయి క్లినిక్‌లో వారం రోజులు కూర్చోవడం తేలికే కానీ, డీఓ వైద్యుడి పక్కన నిలబడి పని చూసే అవకాశం కావాలంటే బయటివారి తలుపు తట్టాలి. ఆ ప్రయత్నం ఏడాది ముందే మొదలవ్వాలి.

ఇక ఇంటర్వ్యూ. కొవిడ్ తర్వాత చాలావరకు ఇవి కంప్యూటర్ తెర మీదే జరుగుతున్నాయి. కొన్ని కాలేజీలు పాత పద్ధతిలో మాట్లాడతాయి. కొన్ని కొద్ది నిమిషాలకో సందర్భం ఇచ్చి, వరసగా వేర్వేరు పరీక్షకుల ముందు కూర్చోబెడతాయి. పద్ధతి ఏదైనా తప్పనిసరిగా వచ్చే ప్రశ్న ఒకటే: ‘డీఓనే ఎందుకు?’ దానికి కోచింగ్ సలహాదారులు నేర్పే జవాబు కూడా ఒకటే. శరీరం, మనసు, ఆత్మ కలిపి మనిషి మొత్తానికి చికిత్స చేయడం తనకు ఇష్టమని బట్టీపట్టి చెప్పిస్తారు. మనిషిని మొత్తంగా చూడమని ఎండీ కాలేజీల్లోనూ చెబుతారు. ఒకే జవాబు వందసార్లు విన్న ప్యానెల్‌కు ఆ విద్యార్థి గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

నిజానికి చాలామంది రెండు రకాల కాలేజీలకూ దరఖాస్తు చేస్తారు. ఆ సంగతి ప్యానెల్‌కూ తెలుసు. దాన్ని దాచడానికి లేని భక్తి నటించాల్సిన అవసరం పిల్లలకు రాకూడదు. ‘నేను రెండింటికీ అప్లై చేశాను. ఫలానా క్లినిక్‌లో నడుం నొప్పితో వచ్చిన డ్రైవరును డీఓ డాక్టరు పరీక్షించడం చూశాను, ఆ చేతి నైపుణ్యం నాకూ కావాలనిపించింది’ అని చెప్పగలిగితే ఆ రెండు మాటలు చాలు. చేతి చికిత్స మీద ప్రశ్నలు వేసే విద్యార్థినీ కాలేజీలు ఆదరించాలి. నడుం నొప్పికి అది మామూలు చికిత్సతో సమానంగా పనిచేసిందనీ, మందుల వాడకం తగ్గిందనీ 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక అధ్యయనం ప్రచురించింది. తల ఎముకలను సున్నితంగా కదిపే క్రేనియల్ పద్ధతికి మాత్రం ఆధారాలు బలహీనం. ప్రాక్టీసులో ఉన్న డీఓల్లో చాలామంది చేతి చికిత్సను అరుదుగానే వాడుతున్నారని సర్వేలు చెబుతున్నాయి. ఈ సంగతులన్నీ తెలిసి వచ్చిన విద్యార్థిని అవిశ్వాసిగా చూడటం అన్యాయం.

ఇంటర్వ్యూ చివర ‘నువ్వేమైనా అడగాలా?’ అంటారు. మర్యాద కోసం ఏదో అడిగి ముగించేస్తారు చాలామంది. అసలైన పది నిమిషాలు అవే. డీఓ కాలేజీలు నలభై దాటాయి, కొత్తవి వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి సొంత బోధనాసుపత్రి లేదు. మూడు, నాలుగో ఏళ్ల శిక్షణ కోసం విద్యార్థులను వేర్వేరు ఊళ్ల ఆసుపత్రులకు పంపుతాయి. ఆ ఆసుపత్రులేవి? ఎంత దూరం? అక్కడ రెసిడెంట్లు ఉంటారా, లేక ఒక్క డాక్టరు వెంట తిరగడమేనా? కామ్‌లెక్స్ మొదటిసారి రాసినవారిలో ఎందరు గట్టెక్కారు? మధ్యలో మానేసినవారు ఎందరు? ఈ ప్రశ్నలు వేస్తే సీటు పోతుందేమోనని పిల్లలు భయపడతారు. జవాబు చెప్పడానికి ఇబ్బందిపడే కాలేజీ గురించి చేరకముందే తెలుసుకోవడం మేలు. అసలు వారిని అడిగించుకోకుండా క్యాంపస్‌వారీగా, శిక్షణ ఇచ్చే ఆసుపత్రులవారీగా ఈ వివరాలన్నీ ప్రకటించడం కాలేజీల బాధ్యత.

డబ్బు లెక్క కూడా ఈసారి మారింది. 2025 జులైలో అమెరికాలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే వైద్య విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తం 2 లక్షలకు పరిమితం. అవసరమైనంత ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం వారికిక ఉండదు. చాలా ప్రైవేటు డీఓ కాలేజీల్లో ఒక్క ట్యూషన్ ఫీజే ఆ 50 వేలను దాటిపోతుంది. మిగతాది బ్యాంకుల దగ్గర తేవాలి, తల్లిదండ్రులు పూచీ ఉండాలి. సీటు నిలుపుకోవడానికి కట్టే డిపాజిట్ ఎండీ కాలేజీల్లో నామమాత్రం. డీఓ కాలేజీల్లో అది వేల డాలర్లలో ఉండటం, వెనక్కి రాకపోవడం మామూలు. మిషిగన్ స్టేట్, ఒక్లహోమా స్టేట్ వంటి ప్రభుత్వ డీఓ కాలేజీలు కొన్ని ఉన్నాయి. డాలస్ ప్రాంతపు కుటుంబాలకు పక్కనే ఫోర్ట్ వర్త్‌లో టెక్సస్ ప్రభుత్వ కాలేజీ ఉంది. దాని దరఖాస్తు ఆకోమాస్‌లో కాదు, టెక్సస్ రాష్ట్ర పోర్టల్‌లో వేయాలి.

వీటన్నిటికంటే బాధ కలిగించేది హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే) వీసాపై ఉన్న పిల్లల పరిస్థితి. రెండేళ్ల వయసులో వెళ్లి అక్కడే పెరిగినా, గ్రీన్‌కార్డు వరసలో తల్లిదండ్రుల వంతు రాకముందే వారికి 21 ఏళ్లు నిండుతాయి. విద్యార్థి వీసాకు మారాల్సి వస్తుంది. హెచ్-4లో ఉన్నా, విద్యార్థి వీసాకు మారినా ఫెడరల్ రుణం రాదు. చాలా మెడికల్ కాలేజీలు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారినే తీసుకుంటాయి. తీసుకునే వాటిలోనూ కొన్ని ఏడాది ఫీజునో అంతకుమించో ముందే బ్యాంకులో చూపమంటాయి. తల్లిదండ్రులు మే నెలకు ముందే ఒక్కో కాలేజీకి ఈమెయిల్ రాసి, ఏ వీసాలను తీసుకుంటారో, ఎంత సొమ్ము ఎప్పటిలోగా చూపాలో రాతలో తెప్పించుకోవాలి. కాలేజీలైతే ఆ నిబంధనను అప్లికేషన్ ఫీజు వసూలు చేయకముందే, దరఖాస్తు మొదటి పేజీలోనే చెప్పాలి.