ఆరు రోజుల్లో మూడు దేశాలా, నింపాదిగా ఒక్క దేశమా?

మేము చదువుకున్నది అరవ బడిలో. మా నాన్నగారి రైల్వే ఉద్యోగం అటువైపు కావడంతో తెలుగు రాయడం ఇంట్లో అమ్మ దగ్గరే నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

వచ్చే ఆదివారం సమావేశంలో విదేశీ యాత్రకి అడ్వాన్సు కట్టే సంగతి తేల్చాలి. గ్రూపులో పెట్టిన ప్యాకేజీ అందరూ చూసే ఉంటారు. సింగపూర్, మలేషియా, థాయిలాండ్, మొత్తం ఆరు రోజులు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. ఆ డబ్బు కట్టొద్దు. యాత్ర మానేద్దామని కాదు, మనమే ప్లాన్ వేసుకుని శ్రీలంక వెళ్దామని.

అలాంటి ప్యాకేజీలో మేమిద్దరం ఒకసారి వెళ్ళొచ్చాం. తెల్లవారుజామున నాలుగింటికి లేపేవారు. పెద్ద టవర్ల దగ్గర ఫోటోకి ఇరవై నిమిషాలు ఇచ్చారు. చాక్లెట్ల షాపులో, రత్నాల షాపులో మాత్రం గంటలు గంటలు కూర్చోబెట్టారు. మోకాళ్ళ నొప్పితో మా ఆవిడ మూడు చోట్ల బస్సు దిగనేలేదు. ఇంటికొచ్చాక మనవడు "ఏం చూశావు నానమ్మా?" అనడిగితే "బస్సు కిటికీ చూశాను నాన్నా" అంది.

ఈసారి పేర్లిచ్చినవాళ్ళ జాబితా చూశాం. సంఘం పుట్టినప్పుడు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసిన పెద్దవాళ్ళు అందులో లేరు. ఒకావిడని అడిగితే "నావల్ల మీకు ఆలస్యమవుద్ది బాబూ, మీరెళ్ళి రండి" అన్నారు. ఆ మాట మాకు నచ్చలేదు. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి ప్లాన్ వెయ్యాలి. అది చేతకాకపోతే సంఘం యాత్ర అనడం దేనికి?

శ్రీలంక ఎందుకంటారా? చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర దూరం. అక్కడ స్టేషన్ బోర్డులు సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉంటాయి. అరవం చదివే డ్యూటీ మాది. రైలు మనదే అనిపిస్తుంది, మన బ్రాడ్‌గేజ్ లాగే ఐదున్నర అడుగుల గేజి. యుద్ధంలో పాడైన జాఫ్నా లైను మన ఇర్కాన్ సంస్థ తిరిగి వేస్తే 2014 అక్టోబరులో రైలు మళ్ళీ జాఫ్నా చేరింది.

అరకు దగ్గర శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తని మనం ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళం! కాశ్మీరు లైను వచ్చేదాకా మన దేశంలో ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా దానికి పేరు. శ్రీలంక కొండల్లో పట్టిపొల స్టేషన్ 1,890 మీటర్ల పైన ఉంది. ఎల్ల దగ్గర 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన ఉంది. కె.కె. లైను సొరంగాలు చూసిన కళ్ళతో అవి చూడాలని మా కోరిక. ఇంకో సంగతి, ఆ దేశంలో పాములాడించే అహికుంటకులు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో తెలుగు లేకుండా పిల్లల్ని పెంచిన మనకి వాళ్ళ కష్టం ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక ప్లాన్. ఎనిమిది రోజులు, మూడే మకాములు: కొలంబో, క్యాండీ, ఎల్ల. ఒక రోజు తిరిగితే మర్నాడు సగం రోజు విశ్రాంతి. ఊళ్ళో తిరగడానికి పిక్‌మీ యాప్‌లో ఆటో, గుంపుగా వెళ్ళడానికి రోజు లెక్కన వ్యాను. 2025 నవంబరులో దిత్వా తుపానుకి కొండ లైను బాగా దెబ్బతింది కాబట్టి, ఏ ముక్కలో రైళ్ళు నడుస్తున్నాయో కనుక్కున్నాకే టికెట్లు కొందాం. నడవని చోట వ్యానే గతి.

మద్రాసుకి రాయగడలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కుదాం. కోరాపుట్ వాళ్ళు రాయగడ వచ్చి కలవొచ్చు. కానీ విమానం ఉన్న రోజే రైలు దిగే ప్లాన్ మాత్రం వద్దు. వానాకాలం మన లైను మీద బండరాళ్ళు పడితే ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. ఒక రోజు ముందే చేరి పడుకుందాం.

అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు. మనవాళ్ళకి అసలు చిక్కు పేర్లతోనే. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, ఓటరు కార్డులో ఒడియా పలుకుబడి స్పెల్లింగు. అన్నీ ఒకటి చేసుకున్నాకే అప్లై చెయ్యండి. రిటైరైన ప్రభుత్వోద్యోగులకి పెన్షన్ ఆర్డరు పుట్టినతేదీ రుజువుగా చెల్లుతుంది. అరవై దాటినవాళ్ళకి కొత్త పాస్‌పోర్టు ఫీజులో పది శాతం తగ్గింపు. శ్రీలంకకి ఈటీఏ అనే అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. దాని రూల్సు మారుతుంటాయి, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూడాలి.

"ఏజెంటు లేకపోతే అక్కడ జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?" అని కొందరి భయం. న్యాయమైన భయమే. బీపీ, షుగరు దాచకుండా రాసి, వాటికీ వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకుందాం. మందులు, డాక్టరు చీటీ చేతి సంచిలో ఉంచుకుందాం. ప్యాకేజీలో మా ఆవిడకి కాళ్ళు వాచినప్పుడు చూసింది ఏజెంటు కాదు, పక్కసీటులో కూర్చున్న తెలుగామె.

ఆదివారం వచ్చేటప్పుడు పాస్‌పోర్టులు, పెన్షన్ కాగితాలు తీసుకురండి. ఫారాలు నింపడం మా పని, కౌంటర్లో జీవితమంతా చేసింది అదేగా. మీ పక్కింటి పెద్దావిడని కూడా వెంటబెట్టుకు రండి. జాబితాలో మొదటి పేరు ఆవిడదే రాద్దాం.