పర్వత మార్గదర్శి

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరాఖ్యుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని అనాయాసంగా హిమాలయం చేరుకొన్నాడు. కొండను చూడాలన్న కోరిక తీరింది; ఇల్లు చేరే సాధనం మాత్రం మంచునీటిలో కరిగిపోయింది. దారి అడగడానికి వరూధిని తప్ప ఆయనకు మరొక దిక్కు లేకపోయింది. తరువాతి కథ మీకు తెలిసినదే. ఈ ఘట్టాన్ని బోధించినప్పుడల్లా నాకొక ఆలోచన కలుగుతుంది. వెళ్లే త్వరలో ఆ గృహస్థు తిరుగుదారి సంగతే తలచుకోలేదు. పర్వత మార్గదర్శి అనే వృత్తి ఆ తిరుగుదారి కోసమే పుట్టింది.

ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో మోంట్ బ్లాంక్ శిఖరాన్ని 1786లో పకార్డ్ అనే వైద్యుడు, బాల్మా అనే కొండవాసి తొలిసారి అధిరోహించారు. ఆపైన సంపన్న యాత్రికులు దాని పాదాన ఉన్న షామొనీ గ్రామానికి రాసాగారు. 1820లో హామెల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక బృందంతో బయలుదేరాడు. వాతావరణం అనుకూలంగా లేదని గైడులు వెనుకాడారనీ, ఆయన పట్టుబట్టి ముందుకు నడిపించాడనీ చెబుతారు. మంచుచరియ జారి ముగ్గురు గైడులను లోతైన హిమబిలంలోకి నెట్టివేసింది. మరుసటి సంవత్సరం, అంటే 1821లో, షామొనీ గైడులు సంఘంగా ఏర్పడ్డారు. యాత్రికులను వంతులవారీగా తీసుకొని వెళ్లడం, చనిపోయినవారి కుటుంబాలకు సహాయనిధి ఏర్పరచడం వారి తొలి నియమాలలోనివి. ఆ ముగ్గురి అవశేషాలను హిమనదం 1861లో, నాలుగు దశాబ్దాల తరువాత, కొండ దిగువన బయటపెట్టింది.

డబ్బు ఇచ్చినవాడు “పద” అంటే, అనుభవజ్ఞుడైన గైడు “వద్దు” అనగలడా? ఈ వృత్తికి అర్హతాపత్రం ఎందుకు అని అడిగేవారికి నా సమాధానం ఈ ప్రశ్నలోనే ఉంది.

నేడు ఫ్రాన్స్‌లో ఈ వృత్తిలో ప్రవేశించగోరే యువకుడు ప్రవేశ పరీక్షకు రావడానికి ముందే తాను చేసిన ఆరోహణల పట్టికను సమర్పించాలి. అటుపై శిలారోహణలోను, మంచు మీద నడకలోను, స్కీయింగ్‌లోను ఆరితేరాలి. మంచుచరియల స్వభావం, ప్రమాదంలో ఉన్నవారిని రక్షించే పద్ధతులు, ప్రథమ చికిత్స నేర్వాలి. కొంతకాలం అభ్యర్థి గైడుగా పరిమితులకు లోబడి పనిచేసిన తరువాతగాని పట్టా చేతికి రాదు. ఇదంతా పూర్తికావడానికి ఏళ్లు పడుతుంది. 1965లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ దేశాల గైడులు స్థాపించిన అంతర్జాతీయ సమాఖ్య వల్ల ఈ అర్హతకు పలుదేశాలలో గుర్తింపు లభిస్తున్నది.

మన దేశంలో డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థ 1954లో ప్రారంభమైంది. అంతకు ముందటి ఏడు ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ నార్గే అక్కడ క్షేత్రశిక్షణకు తొలి అధిపతి. ఉత్తరకాశీలోని నెహ్రూ సంస్థ 1965 నాటిది. ఇరవై ఎనిమిది రోజుల ప్రాథమిక శిక్షణలో ‘ఎ’ శ్రేణి పొందినవారికే ఉన్నత శిక్షణకు అర్హత. ఆ మీదట బోధనాపద్ధతుల శిక్షణ ఉంటుంది. ప్రాథమిక శిక్షణ ముగించి వచ్చి తాము గైడులమైపోయామని భావించే యువకులు లేకపోలేదు. అక్షరాభ్యాసం నాడే అవధానానికి కూర్చున్నట్లుంటుంది!

కొండలలో పుట్టి పెరిగిన షెర్పాకు పట్టా దేనికి అని కొందరు వాదిస్తారు. అతని అనుభవం ముందు ఏ పట్టా అయినా చిన్నదే, కాదనను. కాని పట్టా నైపుణ్యానికి సాక్ష్యం మాత్రమే కాదు. అతని మాటకు విలువ తెచ్చే సాధనం కూడా. నేపాల్ గైడుల సంఘానికి అంతర్జాతీయ సమాఖ్యలో పూర్తి సభ్యత్వం 2012లో మాత్రమే లభించింది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దిగువన ఖుంబు హిమపాతంలో మంచు విరిగిపడి పదహారుమంది నేపాలీయులు మరణించారు. ఇతరులు ఎక్కబోయే దారిలో బరువులు మోస్తున్నవారే వారిలో అధికులు. తొలుత ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి ప్రకటించినది నలభై వేల నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆగ్రహించి ఆ ఋతువులో ఆ వైపు పని మానివేశారు. అది సోమరితనం కాదు, దురాశ అంతకన్నా కాదు. 1820లో షామొనీ గైడులు గట్టిగా పలకలేకపోయిన “వద్దు” అనే మాటను వారు ఒక్క గొంతుతో పలికారు.

ఆ దుర్ఘటన జరిగిన ఐదు వారాలకు, మే 25న, టిబెట్ వైపు నుండి మన గురుకుల పాఠశాలల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. భువనగిరి కొండరాతి మీద మొదలైన శిక్షణ వారిని అక్కడికి చేర్చింది. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. తరగతిలో ఎవరిని అడిగినా ఈ పిల్లల పేర్లు తడుముకోకుండా చెబుతారు. తాడు పట్టి వారిని ఎక్కించి, క్షేమంగా దింపిన షెర్పాల పేర్లు అడిగితే ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.