హాస్ లేని ఇల్లు

‘బొనాంజా’ చూసినవారికి హాస్ కార్ట్‌రైట్‌ను వేరే పరిచయం చేయనక్కరలేదు. ఆ వేషం కట్టిన డాన్ బ్లాకర్ 6 అడుగుల 4 అంగుళాల మనిషి! నాటకకళలో ఎం.ఏ. చేసి, బడిపంతులుగా పనిచేసి, 1959లో హాస్ అయ్యాడు. అల్లరి పిల్లవాణ్ణి సైతం దగ్గరకు తీసే పంతులు నాకు ఆ కళ్ళలో ఎప్పుడూ కనిపించేవాడు.

1972 మే 13న, పిత్తాశయానికి ఆపరేషన్ జరిగాక, ఊపిరితిత్తుల్లో నెత్తురుగడ్డ అడ్డుపడి, 43వ యేట పోయాడు. అప్పటికే హాస్‌ను పెళ్ళికొడుకును చేస్తూ మైకేల్ లాండన్ కథ రాశాడు. పాపం, ఆ పెళ్ళి తమ్ముడు జోకు మార్చి సెప్టెంబరులో చూపారు. హాస్ వేషానికి ఇంకొకరిని తేలేదు. మర్యాదంటే అదీ! 1973 జనవరిలో ధారావాహికే ఆగిపోయింది.

పాత భాగాలు ఇప్పటికీ చూస్తుంటాను. ఆ పెద్ద టోపీ కనబడగానే ముందు నవ్వొస్తుంది. ఆ తరువాతే 43 గుర్తుకొస్తుంది.